పద్నాలుగో మలుపులో ఒక్క నిమిషం

మా అక్కని ఊరంతా ‘ఆఖరి బండి’ అంటుంది. మొహం మీద అనే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు. తోడబుట్టినవాణ్ని, నాకే లేదు. ఏడాదంతా ఆవిడ స్కూలు బస్సు నడుపుతుంది. ఏడాదికి ఒక్క ఆదివారం, కొండమీది సైకిల్ పందెంలో అందరికంటే వెనకాల వెళ్లే వ్యాన్ నడుపుతుంది. పందెంలో మొదట వచ్చినవాణ్ని వారం తిరక్కుండా మర్చిపోతారు. ఆఖర్న వచ్చే మా అక్కని మాత్రం ఇరవై ఆరేళ్లుగా ఎవరూ మర్చిపోలేదు.

పందెం పుస్తకంలో వేస్తాం, ఆవిడ గురించి నాలుగు మంచి మాటలు రాయమని కమిటీవాళ్లు నన్నడిగారు. నాలుగేం ఖర్మ, నలభై ఉన్నాయి. కానీ పద్నాలుగో మలుపు సంగతి వదిలేసి మా అక్క గురించి రాస్తే అది ఉప్పు లేని కూరే. ఆ సంగతి రాస్తే వాళ్లు వేయరు. వేయకపోతే పోనీ. నాది సైకిల్ షాపు, రాసి బతకాల్సిన పని నాకు లేదు.

అక్క బస్సులో ముప్ఫై నలుగురు పిల్లలు. ఎక్కేటప్పుడు తలలు లెక్కపెడుతుంది, దిగేటప్పుడు తలలు లెక్కపెడుతుంది. సాయంత్రం ఆఖరి పిల్ల దిగాక ఇంజను ఆపి, వెనక సీటు దాకా నడిచి, ఒక్కో సీటు కిందికీ వంగి చూస్తుంది. నడుం పట్టేసిన రోజున కూడా వంగుతుంది. ‘లెక్క సరిపోయిందిగా అక్కా, మళ్లీ ఈ వంగుళ్లెందుకు?’ అని ఒకసారి అన్నాను. ‘లెక్క నోటితో చెప్పేది. ఖాళీ సీటు కంటితో చూసేది’ అంది. అలాంటి మనిషి.

అలాంటి మనిషికి లెక్కే ప్రాణంగా బతికే మొగుడు దొరికాడు. మా బావ నీళ్ల మీటర్లు చూసే ఉద్యోగి. మా ఇంటి మీటరు చూడటానికొచ్చి ఎక్కువ రాశాడని అక్క తగువు పెట్టుకుంది. ‘మీటరు అబద్ధమాడదండీ’ అన్నాడాయన. ‘మీటరు ఆడదు, చూసేవాళ్లు ఆడతారు’ అంది అక్క. ఆరు నెలల్లో పెళ్లయింది. మీటరు సంగతి ఇప్పటికీ తేలలేదు.

పందెంలో మా ముగ్గురికీ మూడు పనులు. అక్క డ్రైవరు. నేను ఆవిడ పక్క సీట్లో మెకానిక్కుని. బావ కొండ మీద, పందెం ముగిసే చోట, రాతిగదిలో కూర్చుని లెక్క చూస్తాడు. పొద్దున్నే రోడ్డు మూసేస్తారు. పద్దెనిమిది కిలోమీటర్ల ఎక్కుడు, ఇరవై రెండు మలుపులు. ఎనిమిదో మలుపు దాకా మనుషులు మాట్లాడుకుంటూ తొక్కుతారు. పన్నెండు దాటాక మాటలుండవు. పద్నాలుగో మలుపు దగ్గర రోడ్డు గోడలా లేచి నిలబడుతుంది. అక్కడ చాలామంది దిగిపోతారు. కింద క్వారీ దగ్గర కంకర లారీలు బారులు తీరి, రోడ్డెప్పుడు తెరుస్తారా అని హారన్లు కొడుతుంటాయి.

మా పందెంలో నంబరు గుడ్డలకి పిన్నులు పెట్టరు. కొండ గాలికి పిన్నులు ఆగవని వీపు మీద నాలుగు మూలలా నాలుగు కుట్లు వేసి కుడతారు. తొక్కలేక చేతులెత్తేసినవాడు మా వ్యానెక్కి కూర్చోవాలి. కూర్చున్నాక అక్క వెనక్కి తిరిగి, చిన్న కత్తెరతో ఆ నాలుగు కుట్లూ తెంపి, గుడ్డని బిస్కెట్ల డబ్బాలో వేస్తుంది. బుర్రమీసాలున్నవాళ్లు కూడా ఆ కత్తెర చప్పుడికి కళ్లనీళ్లు పెట్టుకోవడం నేను చూశాను. పైన బావ లెక్క తేలికైనది. గీత దాటినవాళ్లు, డబ్బాలో గుడ్డలు, రెండూ కలిపితే పొద్దున్న బయల్దేరినవాళ్లు రావాలి. వస్తే ‘సరిపోయింది’ అని వాకీటాకీలో చెబుతాడు, కింద రోడ్డు తెరుస్తారు.

అంతా అయ్యాక, మా షాపు ముందు వ్యాన్ ఆపి అక్క నన్ను ఒక ప్రశ్న అడిగేది.

‘పైన ఎవరైనా మిగిలారా?’

‘ఎవరూ లేరక్కా.’

అప్పుడు తాళం తీసి నా చేతిలో పెట్టేది. ఏటా ఇదే మాట, ఇదే జవాబు. నాకు నవ్వులాటగా ఉండేది.

పన్నెండేళ్ల కిందట ఒక ఆదివారం వడగళ్లవాన పడింది. వెంటనే మంచు దిగింది. మా వ్యానులో తొమ్మిది సీట్లు, తొమ్మిదీ నిండిపోయాయి. పద్నాలుగో మలుపులో ఒకాయన సైకిలు పిట్టగోడకి ఆనించి నిలబడి ఉన్నాడు. మా ఊరి పోస్టుమాన్. అందరం ఉత్తరాలాయన అనేవాళ్లం. ఒంటరి మనిషి, పక్క ఊళ్లో ఒక చెల్లెలు. ఆయన నంబరు అరవై మూడు.

‘ఇరుక్కుని కూర్చోండి’ అంది అక్క.

‘ఎక్కడమ్మా చోటు? ఒకళ్ల ఒళ్లో ఒకళ్లున్నారు’ అని నవ్వాడాయన. ‘నేను కిందికి వెళ్లిపోతా. దిగడమేగా, తొక్కే పని కూడా లేదు. నా నంబరు తీసేసుకోండి, మీ ఆయన లెక్కకి అడ్డం రాకుండా.’

అక్క వెనకాడింది. వెనకాల కూర్చున్నవాళ్లు చలికి వణుకుతున్నారు. ‘పోనీలే అక్కా, రోజూ సైకిలు మీద తిరిగే మనిషేగా’ అన్నాను నేను. ఆ మాట నాదే. అక్క కిందికి దిగింది. రోడ్డు మీద నిలబడి, ఆయన వీపున ఉన్న నాలుగు కుట్లూ తెంపింది. వ్యానెక్కని మనిషి గుడ్డ ఆవిడ తెంపడం అదొక్కసారే. ఆయన సైకిలు తిప్పుకుని మంచులోకి దిగిపోయాడు. ఫ్రీవీలు టకటక చప్పుడు కాసేపు వినబడి ఆగిపోయింది.

పైన బావ లెక్క చూశాడు. ‘సరిపోయింది’ అన్నాడు. రోడ్డు తెరిచారు, లారీలెక్కాయి, మేం ఇళ్లకెళ్లి వేణ్నీళ్లు పోసుకున్నాం. ‘పైన ఎవరైనా మిగిలారా?’ అని అక్క అడిగింది. ‘ఎవరూ లేరక్కా’ అన్నాను.

సోమవారం ఊళ్లో ఉత్తరాలు రాలేదు. మంగళవారం పొద్దున ఎవరికో అనుమానం వచ్చింది. పద్నాలుగో మలుపు కింద ఆయన దొరికాడు. కాలు విరిగింది. ఆ కాలుతోనే పైకి పాకాడు. రోడ్డుకి ఇంకా నాలుగడుగులుంది. సోమవారం తెల్లారేదాకా ప్రాణం ఉండే ఉంటుందని డాక్టరు చెప్పాడు. ఆ రాత్రంతా ఆయన తలకి నాలుగడుగుల ఎత్తున లారీలు పోతూనే ఉన్నాయి.

చెల్లెలొచ్చింది. సైకిలు, సంచి తీసుకుంది. ‘వీపు మీద నంబరు కుట్టారట, అది ఇస్తారా? కట్టుకున్న చివరి గుడ్డ’ అని అడిగింది. ‘ఎక్కడో పోయిందమ్మా’ అంది అక్క. నేనూ అదే నిజమనుకున్నాను. ఆ ఏటినుంచి అక్క ఆ ఆఖరి ప్రశ్న అడగటం మానేసింది. ఊరికే తాళం నా చేతిలో పెట్టి వెళ్లిపోయేది. నన్ను తిట్టినా బాగుండు, తిట్టలేదు. బావ కూడా ఇంట్లో ‘సరిపోయింది’ అనే మాట వాడటం మానేశాడు. కూరలో ఉప్పు గురించైనా సరే, ‘బాగానే ఉంది’ అనేవాడు.

ఇక్కడి నుంచి నేను చెప్పేది నమ్మితే నమ్మండి, లేకపోతే సైకిల్ షాపువాడి సొల్లు అనుకోండి.

ఆ మరుసటి ఏడు పద్నాలుగో మలుపులో అక్క వ్యాన్ ఆపింది. ముందు తొక్కుతున్నవాడు తొక్కుకుంటూ పోతున్నాడు. అక్క సీట్లోంచి చెయ్యి వెనక్కి చాచి పక్క తలుపు తెరిచింది. చల్లగాలి లోపలికొచ్చింది. ఒక్క నిమిషం అలాగే ఉంచింది. తలుపు వేసి గేరు మార్చింది. వెనకాల కూర్చున్నవాళ్లు ఎవరో ఎక్కుతారేమోనని తొంగి చూశారు. నేనేం అడగలేదు. అడగాల్సిన అవసరం నాకేముంది? ఏటా అంతే. ఎంతమంది ఎక్కినా వెనక కిటికీ పక్కన ఒక సీటు మాత్రం ఖాళీగా ఉంచుతుంది. కొత్తవాళ్లు తెలియక అక్కడ కూర్చోబోతే ‘అది తడిగా ఉంది, ఇటు జరుగు’ అంటుంది. పొద్దున తుడిచింది నేనే. పొడిగానే ఉండేది.

నాలుగో ఏడో అయిదో ఏడో నేను ఆ చప్పుడు విన్నాను. తలుపు తెరిచి ఉంది. మంచులో ఏమీ కనపడటం లేదు. పైనుంచి టకటకమని ఫ్రీవీలు. నా బతుకంతా ఆ చప్పుడు మధ్యే గడిచింది, పొరపడే మనిషిని కాను. ఎక్కుడులో ఫ్రీవీలు మోగదు, తొక్కడం ఆపి దిగుతుంటేనే మోగుతుంది. ఎవరో కిందికి దిగుతున్నారు. చప్పుడు దగ్గరికొచ్చింది, ఇంకా దగ్గరికొచ్చింది, మా వ్యాను ముందు బంపరు దాకా వచ్చిందనిపించింది. మమ్మల్ని దాటి మాత్రం పోలేదు. నేను అక్క వైపు చూశాను.

‘విన్నావా?’ అంది.

‘ఏంటి?’ అన్నాను.

పిరికివాడి జవాబు. ఆవిడ తలుపు వేసి గేరు మార్చింది.

ఇక మొన్నటి పందెం. నూట ఇరవై ఒక్కమంది బయల్దేరారు. పదో మలుపు దాకా ఎండ కాసింది. పన్నెండులో మంచు మొదలైంది. పద్నాలుగుకి వచ్చేసరికి వ్యాను అద్దానికి ఎవరో సున్నం పూసినట్టయింది. అప్పటికి మా బండిలో ఎనిమిదిమంది ఉన్నారు. ముందు ఒకే ఒక్కడు తొక్కుతున్నాడు, నూట పది కిలోల పెయింటర్. ఏటా ఆఖర్న వస్తాడు, ఏటా గీత దాటుతాడు, వ్యాను వైపు మాత్రం కన్నెత్తి చూడడు. ఆయన పిక్కల్ని చూస్తూ ఆయన వెనకాల నడవడమే మా పని.

పద్నాలుగులో అక్క అలవాటు ప్రకారం ఆగింది. తలుపు తెరిచింది. గాలి ఒక్కసారి కొట్టి నా ఒళ్లో ఉన్న బిస్కెట్ల డబ్బా బోర్లాపడింది. గుడ్డలు, అడుగున పరిచిన పాత పేపరు, అన్నీ నా కాళ్ల దగ్గర పడ్డాయి. నేను విసుక్కుంటూ దొరికింది దొరికినట్టు డబ్బాలో కుక్కి మూత పెట్టాను. పేపరు బయటే ఉండిపోయింది, ఉండ చుట్టి కాలి కింద పడేశాను. ఆ నిమిషంలో నాకు ఒక్కటే అనిపించింది. ఈసారి ఫ్రీవీలు చప్పుడు దగ్గరికొచ్చి మాయమైపోలేదు, మా బండి పక్కనే ఆగింది. తర్వాత మెట్టు కిర్రుమంది. పాత వ్యాను, గాలికి కూడా కిర్రుమంటుంది. అక్క తలుపు వేసింది.

పైన రాతిగది సంతలా ఉంది. తడిసిన మనుషులు, దుప్పట్లు, పొయ్యి మీద కాగుతున్న నీళ్లు. మేం తెచ్చిన ఎనిమిదిమంది దిగీ దిగగానే గుంపులో కలిసిపోయారు. అక్క కెటిల్ పట్టుకుని అందరికీ వేడినీళ్లు పోస్తోంది. బావ ముందున్న జాబితా నాని ముద్దయింది, పెన్ను సాగటం లేదు. వాకీటాకీలో కింద నుంచి లారీల యజమాని అరుస్తున్నాడు.

రూలు ప్రకారం ఒక్కో గుడ్డ మీది నంబరు చూసి జాబితాలో టిక్కు పెట్టాలి. ఆయన నా వైపు చూశాడు. ‘డబ్బాలో ఎన్ని?’

నేను మూత తీసి వేలితో లెక్కపెట్టాను. నంబర్లు చూడలేదు. ‘తొమ్మిది.’

‘దాటినవాళ్లు నూట పన్నెండు. తొమ్మిది కలిపితే నూట ఇరవై ఒకటి.’ బావ వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకున్నాడు. అలవాటు కొద్దీ, ఇన్నేళ్ల తర్వాత, ఆ మాట జారింది. ‘సరిపోయింది. రోడ్డు తెరవండి.’

అక్క చేతిలో కెటిల్ అక్కడే ఆగిపోయింది.

‘ఏవండీ, ఏం సరిపోయింది?’

‘లెక్క. తొమ్మిది మీ బండివి.’

‘తొమ్మిది ఏంటి? తలలా, గుడ్డలా?’

ఇద్దరం ఆవిడ మొహం చూశాం. ‘గుడ్డలు’ అన్నాను.

‘నా బండిలో తలలు ఎనిమిది. నేను రెండుసార్లు లెక్కపెట్టాను.’

నేను డబ్బా బల్ల మీద గుమ్మరించాను. పద్దెనిమిది, ముప్ఫై ఒకటి, నూట నాలుగు, ఒక్కోటీ పక్కకి పెడుతూ పోయాను. ఎనిమిది గుడ్డలు తడిసి ఉన్నాయి. తొమ్మిదోది పొడిగా ఉంది. ఇస్త్రీ చేసినట్టు మడత, నాలుగు మూలలా తెగిన దారం ముక్కలు, రంగు పాలిపోయిన అంకెలు. అరవై మూడు. ఆ ప్రమాదం తర్వాత మా పందెంలో ఆ నంబరు ఎవరికీ ఇవ్వరు.

పన్నెండేళ్ల కిందట ఆ గుడ్డే లెక్క సరిపెట్టింది. మళ్లీ అదే వచ్చి సరిపెట్టింది. అప్పుడూ పైన ఒక మనిషి మిగిలాడు.

‘ఎవరో ఉండిపోయారు’ అంది అక్క. అప్పటికే పరిగెడుతోంది. యాభై ఎనిమిదేళ్ల మనిషి, మోకాళ్లు సరిగా లేని మనిషి. నేను వెనకాల పరిగెత్తాను. బావ వాకీటాకీలో ‘ఆపండి, లారీలు ఆపండి’ అని అరవడం వినబడింది. ‘రెండు ఎక్కేశాయి మాస్టారూ, వాటిలో వాకీటాకీ లేదుగా’ అని ఎవడో తాపీగా జవాబిచ్చాడు.

దిగుతున్నప్పుడు అక్క ప్రతి మలుపులోనూ ఇంజను ఆపింది. కిటికీలు దించాం. విన్నాం. ఇరవై ఒకటి, ఏమీ లేదు. ఇరవై, ఏమీ లేదు. మంచులో మన ఊపిరి మనకే పరాయివాడిదిలా వినబడుతుంది. పంతొమ్మిదిలో వాకీటాకీ గరగరమని బావ గొంతు వచ్చింది. ‘ఎనభై ఎనిమిది! ఎనభై ఎనిమిది దాటలేదు. కళ్లజోళ్ల షాపులో పనిచేసే అమ్మాయి. మొదటిసారి తొక్కుతోంది.’ ఆ అమ్మాయి సైకిలు బాగుచేసింది నేనే. డబ్బులిస్తూ, ‘గెలవను గానీ అన్నా, బండి మాత్రం ఎక్కను’ అంది.

కింద ఎక్కడో లారీ గేరు మార్చిన చప్పుడు.

‘అక్కా, ఎక్కడని వెతుకుతాం?’ అన్నాను.

‘నీకు తెలీదా?’ అంది.

తెలుసు. అందుకే అడిగాను.

పద్నాలుగులో ఇంజను ఆపింది. ముందు ఏమీ వినబడలేదు. తర్వాత గోకుతున్న చప్పుడు, రాయి మీద గోళ్లు. పిట్టగోడ తెగి కాలువ మొదలయ్యే చోట, రోడ్డు అంచున ఒక చెయ్యి కనపడింది. మోచేతి దాకా రోడ్డు మీద ఉంది, మిగతా మనిషి కిందున్నాడు. పన్నెండేళ్లుగా ఆ నాలుగడుగులూ పాకుతూ పాకుతూ ఇప్పుడు పైకొచ్చిందే ఆ చెయ్యి అనుకున్నాను, దేవుడి తోడు. అక్క మాత్రం వ్యానుని రోడ్డుకి అడ్డంగా తిప్పి పెట్టి, లైట్లన్నీ వేసి, దిగి ఆ చెయ్యి పట్టుకుంది.

‘వెచ్చగా ఉందిరా! రా!’

లారీ మంచులోంచి ఒక్కసారిగా ఊడిపడి, మా వ్యానుకి రెండు గజాల దూరంలో కీచుమని ఆగింది. డ్రైవరు తల బయటపెట్టాడు. ‘ఏమ్మా, రోడ్డు మీ అబ్బ సొత్తా?’

‘ఈ పూటకి అవును. దిగి ఒక చెయ్యి వెయ్యి’ అంది అక్క.

చూసి, ఇంకో మాట లేకుండా దిగాడు. పాపం, టార్పాలిన్ కూడా తెచ్చాడు. ముగ్గురం కలిసి పైకి లాగాం. భుజం ఎముక విరిగింది, చీలమండ వాచింది, కళ్లజోడు పోయింది. తడి రోడ్డు మీద తెల్లగీత ఎక్కి జారి, గోడ తెగినచోట కిందికి పోయింది. ఆ అమ్మాయి వెనకాల పెయింటరు, ఆయన వెనకాల మేము. మంచులో ఎవరూ చూడలేదు.

వ్యానులో పడుకోబెట్టాక అక్క కత్తెర తీసింది. ఆ అమ్మాయిని కొంచెం పక్కకి ఒత్తిగిల్లజేసి, వీపు మీది నాలుగు కుట్లూ తెంపింది. ఇప్పుడెందుకా అని నాకు విసుగొచ్చింది. కానీ ఆవిడ ‘ఎనభై ఎనిమిది’ అని నంబరు పైకి చదవడం విని ఊరుకున్నాను.

‘ఎక్కనన్నాను, ఎక్కించేశారు’ అని ఆ అమ్మాయి నవ్వబోయి ఏడ్చింది. కాసేపటికి మళ్లీ మాట్లాడింది. ‘మీరు ఇందాక ఒకసారి ఇక్కడ ఆగారు కదా ఆంటీ?’

అక్క అద్దంలోంచి చూసింది. ‘ఆగాను.’

‘నాకు ఊపిరాడక అరవలేకపోయాను. అంతా వినబడింది. మీరు తలుపు తీశారు. పైనుంచి సైకిలొకటి దిగివచ్చి ఆగింది. ఎవరో టక్కుటక్కుమని నడిచి మీ బండెక్కారు. మీరు తలుపు వేసి వెళ్లిపోయారు.’ కళ్లు మూసుకుంది. ‘ఎక్కేముందు ఆయన ఇటొచ్చి గోడ మీంచి కిందికి చూశారు. నన్ను చూశారు. ఒకళ్లున్నారని మీకు చెప్తారనుకున్నా.’

నేను వెనక్కి తిరగలేదు. వెనక కిటికీ పక్క సీటు వైపు చూడాల్సి వస్తుందని తిరగలేదు. ఆసుపత్రి దాకా అక్క ఎక్కడా ఆపకుండా నడిపింది.

ఆ అమ్మాయిని లోపలికి తీసుకెళ్లి, వాళ్ల అమ్మ వచ్చాక బయటపడ్డాం. వ్యానులో కూర్చుని అక్క తాళం తిప్పలేదు.

‘పోలేదురా ఆ గుడ్డ. నా దగ్గరే ఉంది. డబ్బా అడుగున పేపరు కింద పెట్టుకున్నా. ఏటా పేపరు మార్చేదాన్ని, గుడ్డ మళ్లీ అక్కడే పెట్టేదాన్ని.’

‘ఎందుకక్కా? ఆయన చెల్లెలు అడిగితే ఇచ్చెయ్యాల్సింది.’

‘ఎలా ఇస్తాను? నా చేత్తో తెంపిన గుడ్డ. దగ్గరుంటే మళ్లీ ఆ తప్పు చెయ్యనని పెట్టుకున్నా. చూశావా, దాచుకున్నందుకే ఇవాళ ఇంకో పిల్ల పోయేది.’

గుమ్మరించి కుక్కింది నేను, నంబరు చూడకుండా తొమ్మిదన్నది నేను. ఆ రెండు మాటలూ చెప్పాను. ‘నువ్వెప్పుడూ అంతేలే’ అంది. తిట్టింది! పన్నెండేళ్ల తర్వాత మా అక్క నన్ను తిట్టింది. నా కళ్లు చెమర్చాయి, సిగ్గేముంది చెప్పుకోడానికి.

సాయంత్రం నాలుగున్నరకి మా షాపు ముందు ఆగాం. మంచు ఊళ్లోకి కూడా దిగింది. నేను నా వైపు దిగాను. అక్క దిగి, చుట్టూ తిరిగి వచ్చి, వెనక పక్క తలుపు తెరిచి పట్టుకుంది. వ్యానులో ఎవరూ లేరు.

‘దిగు నాయనా, ఊరొచ్చింది’ అంది.

స్కూలు బస్సులో నిద్రపోయిన పిల్లాణ్ని లేపుతున్న గొంతు అది. ఒక్క నిమిషం నిలబడింది. నేను మెకానిక్కుని, ఆ వ్యాను స్ప్రింగులు నాకు తెలుసు. బండి మెట్టు వైపు కొంచెం కిందికి కుంగింది, మళ్లీ లేచింది. వీధి మలుపు దాకా టక్కుటక్కుమని అడుగులు. తర్వాత ఏమీ లేదు.

అక్క లోపలికెక్కి వెనక సీటు దాకా నడిచింది. నడుం పట్టుకుని, ఒక్కో సీటు కిందికీ వంగి చూసింది. కిటికీ పక్క సీటు మీద అరచెయ్యి ఆనించి, ఆ చెయ్యి చీరకి తుడుచుకుంది. దిగి, తలుపు వేసి, తాళం నా చేతిలో పెట్టబోయి ఆగింది.

‘పైన ఎవరైనా మిగిలారా?’

‘ఎవరూ లేరక్కా’ అన్నాను.